మన చేతిపనికి రేటు మనమే చెప్పాలి

పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ సగంలో ఆపొద్దు. లెక్కంతా మధ్యలోనే ఉంది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. మన తండాల్లో కుట్టే అద్దాల పనికి, మన ఎరుకల ఇళ్ళల్లో అల్లే బుట్టకు గిరాకీ లేక మనం నష్టపోవట్లేదు. చేతికి కూలి లెక్కేయకుండా అమ్ముతున్నాం కాబట్టి నష్టపోతున్నాం. ఇది మొదటి మాట. రెండో మాట ఏందంటే, చదువుకున్న మనం ఈ పనిలోకి దిగితే మన అమ్మల దగ్గర గుమాస్తాలుగా దిగాలి. కొత్త దళారులుగా దిగితే మనకీ పాత దళారికీ తేడా ఉండదు.

మేమంటే నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే కొంతమందిమి. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు తండాల నుంచి వచ్చినవాళ్ళం ఎక్కువ. ఎరుకల, యానాది, చెంచు ఇళ్ళ పిల్లలమూ ఉన్నాం. మాలో చాలామందిమి మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం. మేం వ్యాపారంలో పండిపోయినవాళ్ళం కాదు. ఇంట్లో చూసింది, తిరునాళ్ళలో చూసింది, చదివి తెలుసుకున్నది కూర్చుని లెక్కేసి రాస్తున్నాం.

ముందు లెక్క

మిర్చి కోతకు పోతే రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకుంటాం. పత్తి తీతకు పోతే కేజీకి ఇంత అని కాటా పెట్టించుకుంటాం. అదే కుట్టు దగ్గరకొచ్చేసరికి "ఖాళీగా కూర్చుని కుట్టిందే గదా" అంటాం. మన నోటితో మనమే అంటాం. బేరగాడికి కావాల్సింది ఆ మాటే.

ఒక సంచి తీసుకుందాం. ఫోను, డబ్బులు పెట్టుకుని భుజానికి వేసుకునే చిన్న సంచి, ముందు వైపంతా అద్దాలతో దారపు పని. ఇది లెక్క నేర్చుకోవడానికి వేసిన ఉదాహరణ, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. బట్ట 40 రూపాయలు. దారం 25. అద్దాలు, పూసలు 20. లోపలి గుడ్డ, జిప్పు 30. మిషను కుట్టు 35. మొత్తం 150. ఇది సరుకు ఖర్చు. ఇంతవరకు అందరూ లెక్కేస్తారు.

ఇప్పుడు చేతి పని. ముందు భాగం నింపడానికి పది గంటలు పట్టిందనుకుందాం. గంటకు ఎంత వేయాలి? కొలతకు ఉపాధి హామీ కూలి తీసుకోండి. 2024-25లో మన రాష్ట్రంలో రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల రోజుకు గంటకు 37 రూపాయల 50 పైసలు. పది గంటలకు 375. సరుకు 150 కలిపితే 525. కవరు, అట్టపెట్టె, బస్సు ఛార్జీ కలిపి సంచికి 35 వేసుకోండి. 560 అయింది. దీని మీద నూటికి 15 వేసుకోవాలి. పాడైపోయే ముక్క ఉంటుంది, అమ్ముడుపోని ముక్క ఉంటుంది, మళ్ళీ దారం కొనడానికి చేతిలో డబ్బు ఉండాలి. ఆ 84 కలిపితే 644. అంటే 650 రూపాయలు ఆ సంచి న్యాయమైన ధర.

ఇప్పుడు బేరగాడు వచ్చి రెండొందలకు ఇస్తావా అన్నాడనుకోండి. ఇంట్లో వాళ్ళు 150 పోను 50 మిగిలిందిలే అనుకుంటారు. ఆ యాభై రూపాయలు పది గంటల కూలి. గంటకు ఐదు రూపాయలు. ఎండలో మట్టి తవ్వితే వచ్చే కూలిలో ఏడో వంతు కూడా కాదు. పైగా కళ్ళజోడు ఖర్చు కూడా మనదే.

ఈ లెక్క ఎక్కడా రాసి ఉండదు కాబట్టి ఎవరికీ కనపడదు. అందుకే మొదటి పెట్టుబడి ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను. ఏ రోజు ఎంతసేపు కుట్టారో ఫోన్లో టైం చూసి రాయండి. వంట కోసం లేచిన సమయం తీసేయండి. మూడు ముక్కలకు ఇట్టా రాస్తే సగటు తేలిపోతుంది. ఆ తర్వాత ఎవరు బేరమాడినా మీ దగ్గర జవాబు ఉంటుంది.

"650 పెట్టి ఎవడు కొంటాడు?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మా రూములో కూడా ఇదే గొడవ జరిగింది. ప్రశ్న న్యాయమైనదే. కానీ రేటు ఎక్కువైంది అనగానే మనం కోసేది అమ్మ కూలినే. జిప్పు షాపువాడు తగ్గించడు, బస్సు కండక్టరు తగ్గించడు, తగ్గేది అమ్మ మాత్రమే. కూలి తగ్గించకుండా వస్తువును మార్చాలి.

అదే సంచికి ముందంతా నింపకుండా ఒక మూల రెండు గంటల పని పెట్టండి. సరుకు 150, చేతి పని 75, కవరు, ఛార్జీలు 35. మొత్తం 260. నూటికి 15 వేస్తే 299. కాలేజీ పిల్లలు కొనుక్కునే రేటు అది. గంటకు 37న్నర తగ్గలేదు. ఇట్టా మూడు మెట్లు పెట్టుకోవాలి. వంద లోపు తాళంచెవి గుత్తి, చిన్న బొట్టుబిళ్ళల సంచి లాంటివి. మూడొందల దగ్గర ఒక వస్తువు. నిండు పని ఉన్నది పూర్తి రేటుకు. మొదటిది చూసి మనిషి ఆగుతాడు, రెండోది కొంటాడు, మూడోది చూసి మన పని విలువ ఏందో తెలుసుకుంటాడు. ఆ మూడోది నెలకు ఒకటి అమ్ముడుపోయినా చాలు.

బుట్టలకూ ఇదే లెక్క. వెదురు కొన్న డబ్బు, తెచ్చిన ఆటో కిరాయి, చీల్చిన గంటలు, అల్లిన గంటలు వేరువేరుగా రాయండి. చీల్చే పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ చేతులు కోసుకునేది అక్కడే. చేటలు, గంపలు, కోళ్ళ గంపల మీద ప్లాస్టిక్ వచ్చి పడిందనేది నిజం. ప్లాస్టిక్ గంపతో రేటులో పోటీ పడితే ఓడిపోతాం. పెళ్ళిలో కొత్త చేట కావాలి, సారె పెట్టడానికి బుట్ట కావాలి, పూలకు పండ్లకు సజ్జ కావాలి. అక్కడ ప్లాస్టిక్ పెడితే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. పెళ్ళిళ్ళ నెలలకు ముందే పూల డెకరేషన్ వాళ్ళతో, పెళ్ళి సామాన్ల షాపుల వాళ్ళతో మాట్లాడుకుంటే పని ముందే తెలుస్తుంది.

వెదురు గురించి ఒక మాట తెలుసుకోండి. అటవీ చట్టాన్ని 2017లో సవరించి, అడవి బయట పెరిగిన వెదురును "చెట్టు" అనే నిర్వచనం నుంచి తీసేశారు. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో ఉంది. అంటే పొలం గట్టు మీద పెంచిన వెదురు కొనేటప్పుడు రైతు దగ్గర కాగితం మీద రాయించుకోండి, ఎంత, ఎక్కడ కొన్నామని. దారిలో ఎవరన్నా ఆపితే భయపడకుండా మాట్లాడొచ్చు.

ఎక్కడ అమ్మాలి

మన మొదటి కొనుగోలుదారులు మనవాళ్ళే అని మా అభిప్రాయం. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మన కుటుంబాలు తీజ్ పండక్కి, ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతికి, పెళ్ళికి పేటియా, కాంచళి కావాలని వెతుకుతున్నారు. మిషను మీద అచ్చుపోసినవి కొని ఫొటో దిగుతున్నారు. వాళ్ళకు నిండు డ్రస్సు అక్కర్లేదు. చేత్తో కుట్టిన ఒక అంచు, ఒక జేబు, ఒక నడుముపట్టీ చాలు. వాళ్ళకు మన పని విలువ వివరించి చెప్పక్కర్లేదు, వాళ్ళ నాయనమ్మ కట్టుకున్నదే గదా. ఒక్క జాగ్రత్త ఉంది. మనవాళ్ళు కాబట్టి అప్పు అడుగుతారు. సగం డబ్బు ముందు, సగం వస్తువు చేతికిచ్చేటప్పుడు. మామయ్య అయినా, బావ అయినా ఇదే రూలు. మొహమాటం అనిపిస్తే "అమ్మ పెట్టిన రూలు" అనండి, మేమట్టానే అంటున్నాం.

రెండోది తిరునాళ్ళు. శివరాత్రికి కోటప్పకొండ, కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్ళ. జనం లక్షల్లో వస్తారని సరుకంతా మోసుకుపోవద్దు. ప్రభలు చూడటానికి వచ్చిన మనిషి చేతిలో పిల్లాడు ఉంటాడు, చెమట ఉంటుంది. అతను వంద లోపు వస్తువు కొంటాడు, 650 సంచి పట్టుకుని చూసి పెట్టేస్తాడు. కొట్టు స్థలం అద్దె, రెండు పూటల తిండి, రానుపోను ఛార్జీ ముందే రాసుకుని, అవి తిరిగి రావాలంటే ఎన్ని ముక్కలు అమ్మాలో చూసుకుని వెళ్ళండి. లెక్క కుదరకపోతే ఆ ఏడాది వెళ్ళకపోవడమే లాభం.

మూడోది మన పక్కనే ఉన్న ఎత్తిపోతల, నాగార్జునసాగర్, అనుపు. అక్కడికొచ్చేవాళ్ళు సెలవు మీద వచ్చినవాళ్ళు. తీరిక ఉంటుంది, గుర్తుగా ఏదన్నా తీసుకెళ్ళాలని ఉంటుంది. రైల్వేవాళ్ళు 2022 నుంచి "ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి" అని స్టాళ్ళు ఇస్తున్నారు. మన లైన్లో ఏ స్టేషన్లో అవకాశం ఉందో స్టేషన్ మాస్టర్ని అడిగితే పోయేదేమీ లేదు. డ్వాక్రా సంఘం పేరు మీద వెళ్తే మాటకు బరువు ఉంటుంది.

ఫోన్లో అమ్మడం అందరూ చెప్తారు కాబట్టి పొడుగ్గా రాయం. పొద్దున ఎండ ముదరక ముందు వేపచెట్టు నీడలో ఫొటో తీయండి. ఫిల్టర్ పెట్టొద్దు. ఫొటోలో ఎరుపు, ఇంటికెళ్ళాక ఇటుక రంగు అయితే వస్తువు తిరిగొస్తుంది, రెండు వైపులా ఛార్జీ మనదే. కొలత సెంటీమీటర్లలో రాయండి. ఎన్ని గంటలు పట్టిందో కూడా రాయండి. "ఇది పది గంటల చేతి పని" అని రాసి ఉంటే బేరం సగం ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, కుట్టే మనిషి ఫొటో ఆమెను అడగకుండా పెట్టొద్దు. "పేద గిరిజన మహిళలను ఆదుకోండి" అని రాయొద్దు. జాలితో కొన్నవాడు ఒక్కసారే కొంటాడు, అది కూడా వాడకుండా బీరువాలో పెడతాడు. బాగుందని కొన్నవాడు మళ్ళీ వస్తాడు.

ఆర్డర్ వచ్చినప్పుడు

యాభై సంచులు కావాలి, పది రోజుల్లో ఇస్తారా అని ఎవరన్నా అడిగితే మన పిల్లలం వెంటనే "ఇస్తాం సార్" అంటాం. ఆగండి. నిండు పని సంచికి పది గంటలు. యాభైకి 500 గంటలు. ఐదుగురు ఆడవాళ్ళు ఇంటి పని, పొలం పని చూసుకుని రోజుకు మూడు గంటలు కూర్చోగలరు. అంటే రోజుకు 15 గంటలు. 500ను 15తో భాగిస్తే 34 రోజులు. మధ్యలో ఒక పెళ్ళి, ఒక జ్వరం. నలభై ఐదు రోజులు అడగాలి. పది రోజుల్లో అని ఒప్పుకుంటే రాత్రుళ్ళు బల్బు కింద కుట్టేది మనం కాదు.

ఇంకోటి, జనవరి నుంచి మిర్చి కోతలు. ఆ నెలల్లో తండాల్లో మనిషి దొరకరు. పొలం కూలి పోగొట్టుకుని కుట్టమనడం తప్పు. అందుకే పొలం పని తక్కువ ఉన్న రోజుల్లో చిన్న వస్తువులు చేసి పెట్టుకోవాలి. మిర్చి నెలల్లో కొత్త ఆర్డర్లు తీసుకోకూడదు. ఇది చెప్తే కొనేవాళ్ళు అర్థం చేసుకుంటారు. చెప్పకుండా ఆలస్యం చేస్తే అర్థం చేసుకోరు.

సరుకు పంపేముందు నాలుగు చూడండి. ఎర్ర బట్ట, ఎర్ర దారం తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దితే రంగు అంటుతుందా? అద్దం అంచు చేతికి గీసుకుంటుందా? పొయ్యి పొగ వాసన ఉందా? బుట్ట అయితే లోపల తడి ఉందా? వానాకాలంలో తడి వెదురుతో అల్లితే పది రోజుల్లో బూజు పడుతుంది. ఒక్క బూజు బుట్ట పోతే ఆ షాపువాడు మళ్ళీ ఫోనెత్తడు.

పథకాలు, కాగితాలు

మన వాళ్ళు కాగితం పేరు చెప్పి మోసపోయేది ఎక్కువ. అందుకే తెలిసినవి రాస్తున్నాం.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్‌తో ఫోన్లోనే అవుతుంది. వెయ్యి, రెండు వేలు అడిగేవాడు తన జేబుకే అడుగుతున్నాడు. కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పహచాన్ కార్డు చేతిపనివాళ్ళకు గుర్తింపు కార్డు, ప్రదర్శనలకు, శిక్షణలకు ఉపయోగపడుతుంది.

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. 18 వృత్తులకు వర్తిస్తుంది. బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్ళు ఆ జాబితాలో ఉన్నారు, రాతి పని వాళ్ళు ఉన్నారు, దర్జీలు ఉన్నారు. అద్దాల కుట్టు పేరు విడిగా లేదు. శిక్షణలో రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000 వోచర్, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టాక రెండు లక్షల వరకు రుణం. కుటుంబంలో ఒక్కరికే. కాబట్టి ఆ ఒక్కరు ఎవరో ఆలోచించి పెట్టండి. పని చేసేది అమ్మ అయితే పేరు అమ్మదే ఉండాలి, ఫోను వాడటం వచ్చిన కొడుకుది కాదు.

జీఎస్టీ అంటే భయపడేవాళ్ళకు ఒక మాట. మన రాష్ట్రం లోపల సరుకు అమ్మేవాళ్ళకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం బయటకు పంపేటప్పుడు రూలు వేరు. చేతిపని వస్తువులకు కొంత సడలింపు ఉంది. ఆ స్థాయికి వచ్చినప్పుడు ఆడిటర్ని అడగొచ్చు.

రుణం గురించి మా అభిప్రాయం గట్టిగా చెప్తాం. అప్పుతో మొదలుపెట్టొద్దు. మన ఇళ్ళల్లో ఇప్పటికే డ్వాక్రా కిస్తీ ఉంది, ఎరువుల కొట్టు బాకీ ఉంది. ముందు పది సంచుల సరుకు చేతి డబ్బుతో చేసి, అమ్మి, ఆ డబ్బుతో పదిహేను చేయండి. అమ్ముడుపోతుందని తేలాక రుణం వరం. తేలకముందు తీసుకుంటే కిస్తీ కట్టడానికి అమ్మ మళ్ళీ రెండొందలకే సంచి ఇచ్చేస్తుంది.

వేరే చోట మనవాళ్ళు ఏం చేశారు

కర్ణాటక బళ్ళారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుకు జీఐ గుర్తింపు ఉంది. అక్కడ 14 రకాల కుట్లను పేర్లతో సహా రాసిపెట్టుకున్నారు. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1,755 వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నారు. తమిళనాడు ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో మన లంబాడీ ఆడవాళ్ళే "పోర్గై" అనే సంఘం పెట్టుకున్నారు. మన బోలిలో ఆ మాటకు గర్వం అని అర్థం. అక్కడ ఈ కుట్టు కొద్దిమంది పెద్దవాళ్ళకే గుర్తుండే దశకు వచ్చింది. వాళ్ళ దగ్గర కూర్చుని మిగతావాళ్ళు నేర్చుకున్నారు.

వీటి నుంచి రెండు విషయాలు తీసుకోవచ్చు. ఒకటి, కుట్లకు పేర్లు రాసుకోవాలి. మా దాదీలకు తెలిసిన పేర్లు మాకు తెలియవు. ఫోన్లో వాళ్ళ గొంతు రికార్డు చేసి, ఆ కుట్టు ఫొటో పక్కన పేరు రాయండి. రెండు, వేరేవాళ్ళ పేరు పెట్టుకోవద్దు. మనం కుట్టింది సండూరు కుట్టు అని అమ్మకూడదు, ఆ గుర్తింపు వాళ్ళది. మనం మాచర్ల తండా కుట్టు అనే చెప్పుకుందాం.

అట్టాగని జీఐ వస్తే అన్నీ అవుతాయని కూడా అనుకోవద్దు. మన పల్నాడులోనే దుర్గి రాతి శిల్పాలకు ఆ గుర్తింపు ఉంది. దుర్గి మీదుగా రోజూ బస్సెక్కే మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? గుర్తింపు దొంగ పేరు పెట్టుకునేవాడిని ఆపడానికి పనికొస్తుంది. కొనేవాడిని తీసుకురావడం వేరే పని.

ఇంకో విషయం కోపంతో రాస్తున్నాం. తండాలకు వచ్చి పాత పేటియాలు, కాంచళ్ళు స్టీలు గిన్నెలకో, రెండు మూడొందలకో కొనుక్కుపోతున్నారు. వాటిని ముక్కలు కోసి బ్యాగులకు, దిండ్లకు అతికించి పాత బంజారా పని అని పెద్ద రేటుకు అమ్ముతున్నారు. ఇంట్లో పెట్టెలో ఉన్న ఆ పాత బట్ట మన పాఠ్యపుస్తకం. ఏ కుట్టు ఎక్కడ ఆగుతుందో, వెనకవైపు ముడి ఎట్టా పడుతుందో అందులోనే ఉంది. దయచేసి అమ్మొద్దు. డబ్బు అవసరమై తప్పదనుకుంటే, ముందు రెండు వైపులా దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోండి.

"చదువుకుని మళ్ళీ బుట్టలేనా?"

మా ఎరుకల తమ్ముడు ఒకడు ఈ మాట అడిగాడు. అందరం కాసేపు మాట్లాడలేదు. వాడి మాటలో నిజం ఉంది. బుట్ట పేరు పెట్టి బడిలో వాడిని ఏడిపించినవాళ్ళు ఉన్నారు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద మన పెద్దల మీద పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేశారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్టా వచ్చినవే. 1952లో చట్టం పోయింది, ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు. కులాన్ని బట్టి పని అంటే మనకు ఒళ్ళు మండాల్సిందే.

కాబట్టి మేం ఎవరినీ బుట్ట అల్లమనట్లేదు. అల్లడం ఇష్టం లేనివాడు అల్లక్కర్లేదు. చెల్లెలిని బడి మాన్పించి కుట్టుకు కూర్చోబెడితే అది వ్యాపారం కాదు, నేరం. మేం అడిగేది ఇంతే. ఇప్పటికే మన అమ్మలు, అమ్మమ్మలు ఈ పని చేస్తున్నారు. మనం చదివినా చదవకపోయినా రేపు కూడా చేస్తారు. ఆ పనికి సరైన కూలి రావాలా వద్దా? మనల్ని హాస్టల్‌కు పంపేటప్పుడు చేతిలో పెట్టిన బస్సు ఛార్జీలో ఆ గంటకు ఐదు రూపాయలు ఉన్నాయి.

ఉద్యోగం ప్రిపరేషన్ మానేయమని కూడా అనట్లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, రాసినవాళ్ళు లక్షల్లో. రాయాలి, మనమూ రాస్తాం. దానితోపాటు ఆదివారం రెండు గంటలు అమ్మ లెక్క రాయడానికి కేటాయించగలం.

గుమాస్తా పని అంటే ఏందో కూడా చెప్పుకుందాం. లెక్క రాయడం, ఫొటో తీయడం, ఫోన్లో మాట్లాడటం, పార్సిల్ వేయడం. ఈ పనికి మనం గంటల లెక్కన అదే 37న్నర తీసుకుందాం, అంతకు మించి వద్దు. క్యూఆర్ కోడు అమ్మ ఖాతాకు పెట్టాలి, మన ఖాతాకు కాదు. ఐదుగురు కలిసి చేస్తే, ఎవరి ముక్క అమ్ముడైందో, ఎంతకు అమ్ముడైందో నెలకొకసారి అందరి ముందు చదివి వినిపించాలి. చదువు రానివాళ్ళకు లెక్క వినిపించడమే అసలైన నిజాయితీ. ఎంతకు అమ్మామో వాళ్ళకు చెప్పని రోజు నుంచి మనం దళారులమే, ఇంటి పేరు ఒకటే అయినా సరే.

ఇప్పుడు ఈ గ్రూపులో ఉన్నవాళ్ళందరినీ ఒక్కటి అడుగుతున్నాం. బేరగాడి దగ్గర ఉండే ఆయుధం ఒక్కటే, "పక్క తండాలో నూట యాభైకే ఇస్తున్నారు" అనే మాట. పక్క తండాలో ఎంతకిస్తున్నారో మనకు తెలియదు కాబట్టి ఆ మాట పనిచేస్తోంది. గురజాల వైపు రేటు మాచర్ల వైపు వాళ్ళకు తెలిస్తే, బొల్లాపల్లి రేటు వెల్దుర్తికి తెలిస్తే, ఆ మాట చెల్లదు. ఈసారి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఒక్క వస్తువుకు లెక్క వేయండి. సరుకు ఎంత, గంటలు ఎన్ని, ఇప్పుడు ఎంతకిస్తున్నారు. ఈ మూడు అంకెలు, ఊరి పేరు ఇక్కడ పెట్టండి. మనుషుల పేర్లు వద్దు. మేం అన్నీ ఒక పట్టికగా రాసి మళ్ళీ గ్రూపులో పెడతాం. ఏ వస్తువుకు ఎంతకు తగ్గకూడదో అప్పుడు అందరం కలిసి మాట్లాడుకుందాం.

మా తండాల సంచి లెక్క పైన రాశాం. తర్వాత మీది.